పులిజూదమును, సెలైను సీసాయును

ఈ వారము విజయవాడలోని ఒక నర్సింగు కళాశాల వసారాలో నలుగురు విద్యార్థినులు చీట్లు పంచుకొని ఆడుచుండగా చూచి మిక్కిలి సంతోషించితిని. ఒకతె చీటీ తిప్పి చదివెను: 500 మిల్లీలీటర్ల సెలైను ఎనిమిది గంటలలో ఎక్కవలెను; సెట్టు మిల్లీలీటరుకు 15 చుక్కలు వదలును; నిమిషమునకెన్ని చుక్కలు? ఇంకొకతె “పదహారు” అనుటయే తడవుగా, “లెక్క చెప్పి చీటీ తీసుకోవే!” అని తక్కినవారు పట్టుబట్టిరి.

బట్టీ చదువుపై నా పోరు పాఠకులెరిగినదే. 1986 లో ఆరోగ్యశాస్త్రములకే ప్రత్యేక విశ్వవిద్యాలయము వెలసిన ఈ నగరమున, భారత నర్సింగు మండలి 2021 లో ప్రకటించిన పాఠ్యప్రణాళిక స్కిల్ ల్యాబు సాధనకు గంటలు కేటాయించిన ఈ కాలమున, ఆటయు తరగతికి వచ్చుట నాకు ప్రియమే.

అయితే ఆట తనంతట తానే నేర్పునా? దివిసీమలో మా తాతగారు గుడిమండపపు బండపై బొగ్గుతో గీతలు గీచి, మూడు గులకరాళ్లను పులులుగను, పదునైదు చింతగింజలను మేకలుగను ఉంచి, నాతో పులిజూదమాడెడివారు. మేక వెనుక గడి ఖాళీగా విడిచినచో పులి దానిపై దూకి చంపును. మేకలు ఒకదానికొకటి అండగా నిలిచినచో పులికి దారియే యుండదు. నేనోడిన ప్రతిసారియు ఆయన గింజలను వెనుకటి స్థితికి పేర్చి, “ఎక్కడ దారిచ్చావురా?” అని అడిగెడివారు, అది చూపువరకు క్రొత్త ఆట మొదలుపెట్టెడివారు కారు. నాకు ఆట వచ్చినది ఆ ప్రశ్నవలననే.

కళాశాలలలో నేడు ప్రబలుచున్న ఫోను పోటీలలో ఆ ప్రశ్నకు తావు లేదు. ముందుగా మీట నొక్కినవారికి మార్కులెక్కువ, తప్పినవారికి ఎఱ్ఱగుర్తు, వెంటనే మరియొక ప్రశ్న! గుండె ఆగినవాని ఛాతీని నిమిషమునకు 100 నుండి 120 మార్లు అదుముట నేర్పునపుడు గడియారము ఉండవలసినదే. కాని అర మిల్లీగ్రామునకు బదులు అయిదు మిల్లీగ్రాములిచ్చినచో మోతాదు పదింతలగును. సరియైన రోగి, మందు, మోతాదు, మార్గము, సమయము అను అయిదింటిని నిదానించి చూచుకొనవలసిన చోట తొందరకు బహుమానమిచ్చుట ప్రమాదమును అలవాటు చేయుటయే.

కావున ఉపాధ్యాయినులకు నా విన్నపము: మందుల లెక్కల ఆటలనుండి గడియారమును తీసివేయుడు; పీరియడులో సగము, ఆట ముగిసిన పిమ్మట తప్పును విప్పి చర్చించుటకు ఉంచుడు. అంత తీరిక లేనిచో ఆట మాని, నల్లబల్లపై ఒక్క లెక్కను నెమ్మదిగా చేయించుటయే మేలు.