అద్దాల బీరువాలో చౌక పెట్టెలు

కళను సరుకుగా మార్చే వ్యవస్థను చౌక సరుకుతోనే దెబ్బతీయవచ్చునని 1960లలో ఫ్లక్సస్ బృందం కళాకారులు నమ్మారు. లిథువేనియాలో పుట్టి న్యూయార్కులో స్థిరపడిన జార్జి మచూనాస్ వారికి సంపాదకుడు, ప్రచురణకర్త, లేబుళ్ళు అంటించే కూలీ కూడాను. కెనాల్ వీధి దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ డబ్బాలు కొని, మిత్రులు రాసిన కార్డులూ, చిన్నచిన్న వస్తువులూ వాటిలో సర్ది, టపా ద్వారా అమ్మేవాడు. సంతకం ఉండరాదు, ప్రతుల సంఖ్యకు హద్దు ఉండరాదు, అందరికీ అందాలి అన్నది ఆయన వాదన. అంతకుముందు 1935–41 మధ్య మార్సెల్ దుషా తన కృతుల చిన్న నమూనాలను పెట్టెలో పెట్టినపుడు, మొదటి 20 ప్రతులకు తలా ఒక అసలు కృతి జోడించాడు. అక్కడ అరుదుదనమే విలువ. మచూనాస్ దానినే కాదన్నాడు.

జపాన్ కళాకారుడు అయ్-ఓ చేసిన 'వేలి పెట్టె' చూడండి. పెట్టెకో రంధ్రం. వేలు దూర్చాలి. లోపలేముందో కంటికి కాదు, వేలికే తెలియాలి. ఇటువంటి పెట్టెలెన్నో ఉన్న సిల్వర్‌మన్ దంపతుల సేకరణ 2008లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియానికి విరాళంగా చేరింది. ముట్టుకోవడానికి చేసిన పెట్టెను ఇపుడు అద్దంలోంచి చూడాలి. (మా బడి సైన్సు బీరువా గుర్తొస్తుంది. పరికరాలు పగలకుండా ఉన్నాయి, పిల్లలకు ప్రయోగమే తెలియదు.)

తప్పంతా మ్యూజియానిదే అనడం తేలిక. అది దాచకపోతే ఆ ప్లాస్టిక్ డబ్బాలు చెత్తలో కలిసేవి. అసలు లోపం ముందే ఉంది. ధర తగ్గింది గాని పెట్టె కళాకారుల వలయం దాటి శ్రామికుడి గడప తొక్కలేదు. ప్రజల్లో వేళ్ళూనని తిరుగుబాటును సంపన్నుడు సేకరణగా మార్చుకోవడానికి పెద్దగా శ్రమపడనక్కరలేదు. మన చిన్న పత్రికలవాళ్ళం కూడా అట్ట మీది చౌక ధర చూసి మురిసిపోతుంటాం.

అయినా అద్దానికి లొంగనిది ఒకటుంది. జార్జి బ్రెక్ట్ 1963లో వెలువరించిన 'వాటర్ యామ్' పెట్టెలో కార్డుల మీద క్లుప్తమైన సూచనలుంటాయి. ఒక దాని ప్రకారం నీటిచుక్కలు పాత్రలో పడాలి. అంతే. పెట్టె ఎక్కడున్నా మాట బయటికొస్తుంది. పదో తరగతిలో సత్తుగిన్నె పెట్టి చేయించాను. కాసేపు విన్నాక ఒక పిల్ల లేచి, "వానాకాలం మా ఇంట్లో రాత్రంతా ఇదే కదండీ మాస్టారూ!" అంది.