కంటికి అడ్డురాని బట్ట

ఈ శీర్షికలో ఇంతవరకు చీరెల అంచులను గూర్చియు, నేతపంచెల మన్నికను గూర్చియు, పెండ్లిపట్టుల బరువును గూర్చియు వ్రాయుచు వచ్చిన నేను, ఈ వారము మన దేశపుది కాని యొక వస్త్రమును గూర్చి, అందునను తొడిగినవారిని అలంకరించుట తన పని కాదని ముందే ఒప్పుకొన్న వస్త్రమును గూర్చి వ్రాయబూనుట చదువరులకు వింతగా తోచవచ్చును. న్యూజెర్సీలో నున్న మా అక్క కూతురి యింట ఈ శీతకాలము గడుపుచుండగా, ఆమె పెద్దమ్మాయి న్యూయార్కు నగరమందలి యొక బ్యాలే పాఠశాలవారి వేసవి శిక్షణకై ఆడిషను ఇయ్యబోవుచు, ఆనాడు ఏమి తొడుగుకొనవలెనను ప్రశ్నతో ఇంటిల్లిపాదిని కుదురుగా కూర్చుండనీయలేదు. మంచముపై రెండు లియోటార్డులను, అనగా ఒంటికి అంటుకొను తొడుగులను, పరచియుంచెను: ఒకటి వీపున జాలీ అల్లికగల ద్రాక్షరంగుది, రెండవది ఏ సొగసును లేని నల్లనిది. "అమ్మమ్మా, నల్లది వేసుకుంటే అందరిలో కలిసిపోతానుగా? ఇంక వాళ్లకి నేనెలా కనబడతాను?" అని పిల్ల అడిగెను. "నువ్వే చెప్పు పిన్నీ, నా మాట వినదు" అని తల్లి తప్పుకొనెను. బట్టల సంగతి గనుక తీర్పు నా కడకు వచ్చినది.

ఆడిషను అనగా నాట్యప్రదర్శనము కాదు. అది యొక పాఠము. గోడల వెంబడి కొయ్యకమ్మీలును, ఒకవైపున నిలువెత్తు అద్దములును గల విశాలమైన గదిలో పిల్లలను వరుసగా నిలబెట్టి, వారిని అంతకుముందు ఎన్నడును చూచి యెరుగని యొక ఉపాధ్యాయిని, కమ్మీ పట్టుకొని మోకాళ్లు వంచుటతో మొదలుపెట్టి నడిగదిలోని భ్రమణములదాకను, గంతులదాకను నిత్యాభ్యాసమునే నడపుచుండగా, ముందున్న బల్ల వెనుక కూర్చున్న పరీక్షకులు పేర్లతో పనిలేక, రొమ్ముపై గ్రుచ్చిన కాగితపు అంకెను బట్టి తమలో తాము ఏమేమో వ్రాసికొందురు. తొడ తుంటికీలు కడనుండియే బయటికి తిరుగుచున్నదా, లేక పిల్ల మోకాలిని మెలిపెట్టి తిరిగినట్లు నటించుచున్నదా. మోకాలు పూర్తిగా చాగుచున్నదా. పాదపు వంపు ఎంత. భుజములు చెవులవైపు లేచుచున్నవా. చెప్పిన దిద్దుబాటు మరుసటి మారునకే దేహములో కానవచ్చుచున్నదా: వారు చూచునది ఇది. ఆ చూపునకును దేహమునకును నడుమ వచ్చునది పట్టైనను జలతారైనను అడ్డమే. నడుమునకు చుట్టుకొను పలుచని లంగా ముచ్చటగా నుండును గాని, తొడ తిరుగుట మొదలగు చోటును సరిగా అదియే కప్పును గనుక పెక్కు పాఠశాలలవారు దానిని వలదందురు. పెండ్లిచూపులకు కట్టు చీరె ఒకదానిని దాచి వేరొకదానిని చూపుటకు. ఇక్కడి బట్టకు ఆ నేర్పు పనికిరాదు.

ఈ నియమమును కడదాక లాగినవారు రష్యనులు. 1738లో సామ్రాజ్ఞి ఆన్నా ఆజ్ఞచే సెంట్ పీటర్స్‌బర్గున నెలకొని, నేడు వాగనోవా పేర పరగుచున్న విద్యాలయమున చిన్నపిల్లల ఎంపికలో మొదటి ఘట్టమునకు నాట్యవేషమే లేదు. లోదుస్తులతో నిలబెట్టి, కాలు ఎంత లేచునో, తుంటి ఎంత తెరచుకొనునో, వెన్ను ఎంత వంగునో చేతులతో పట్టి చూచుదురు. ఆ పాఠశాలవారే, పిదప గొప్ప నర్తకియైన ఆన్నా పావ్లోవాను బాల్యమున రోగిష్ఠి పిల్లవలె నున్నదని ఒకమారు త్రిప్పి పంపి, 1891లో పదియేండ్ల ప్రాయమున చేర్చుకొనిరి. చక్కని గౌను తొడిగించియుండినచో ఆమెను మొదటిసారియే చేర్చుకొనియుందురని నాకు తోచదు.

నిజమునకు బ్యాలే చరిత్రమంతయు ఒక విధముగా బట్ట తొలగుచు వచ్చిన చరిత్రమే. 18వ శతాబ్దమున పారిసు నర్తకి మరీ కామర్గో తన పాదముల వేగము ప్రేక్షకులకు తెలియుటకై లంగాను చీలమండ పైకి కుదించెనని చెప్పుదురు; 19వ శతాబ్దమున ట్రపీజుపై విన్యాసములు చేసిన ఫ్రెంచి యువకుడు జూల్ లియోతార్ ఒంటికి అంటుకొను అల్లిక తొడుగును ధరించగా, ఆయన పేరే ఆ బట్టకు నిలిచినది. లింకన్ కిర్‌స్టైన్‌తో కూడి 1934లో న్యూయార్కున స్కూల్ ఆఫ్ అమెరికన్ బ్యాలేను స్థాపించిన జార్జి బాలాంచిన్ ఇంకొక అడుగు ముందుకు వేసెను. ఆయన కూర్చిన 'ది ఫోర్ టెంపరమెంట్స్' 1946లో తొలిసారి ప్రదర్శింపబడినపుడు కర్ట్ సెలిగ్మన్ అను చిత్రకారుడు కల్పించిన బరువైన వింత వేషములలో నర్తకుల అంగవిన్యాసము మునిగిపోయినది. 1951లో బాలాంచిన్ ఆ వేషములన్నిటిని తీసివైచి, నర్తకులు ప్రతిదినము సాధనకు తొడుగుకొను దుస్తులనే రంగస్థలమునకు ఎక్కించెను. అప్పటినుండి నల్లని లియోటార్డు అభ్యాసపుగదికి మాత్రమే తగిన పేదబట్ట యని యనుటకు వీలులేదు. ఈ సంగతి చెప్పినపుడు మా పిల్ల ద్రాక్షరంగు దానిని కొంచెము ప్రక్కకు జరిపెను.

మనకును ఈ యెరుక లేకపోలేదు. పావ్లోవా పరిచయముచే బ్యాలే వైపు మొగ్గి, పిదప భరతనాట్యమునకు మరలిన రుక్మిణీదేవి 1936లో నెలకొల్పిన కళాక్షేత్రమున నేటికిని బాలికలు నూలుచీరెను పైజమాపై కురుచగా కట్టి సాధన చేయుదురు. అరమండిలో మోకాళ్లు ఎంతవరకు విచ్చుకొన్నవో గురువు కంటికి తెలియవలెను గదా. మా పిల్ల ఆదివారములందు కూచిపూడి కూడ నేర్చుకొనుచున్నది గనుక, రంగస్థలపు విసనకఱ్ఱ కుచ్చెళ్లు వేరు, తరగతిలో కట్టు చీరె వేరు అని ఆమెకు నేను బోధింపవలసిన పని లేకపోయెను.

ఇక నల్లని లియోటార్డులన్నియు ఒకటి కావు. అంగడిలో అద్దము ముందు నిశ్చలముగా నిలిచి చూచుకొనుట వ్యర్థము. చేతులు రెండును తలపైకి గుండ్రముగా ఎత్తవలెను. బట్ట తొడమూలమున పైకి ప్రాకినచో మొండెపు నిడివి చాలలేదన్నమాట. ముందుకు వంగవలెను; మెడ జారినచో అది పెద్దది. కాలు ప్రక్కకు ఎత్తి దింపవలెను. అంచు తిరిగి తన చోటికి రానిచో దానిని అక్కడనే విడిచి రావలెను. ఎదుగు పిల్లకు ఒక సైజు పెద్దదైనను మేలేయని తలచు మన తల్లుల పొదుపు ఇక్కడ చెల్లదు; ఏలనన నడుమున నిలిచిన ముడుత, బల్ల వెనుకనుండి చూచువారికి, ముందుకు పడిన పొట్టగానో వంగిన వెన్నుగానో కనబడును. నిగనిగలాడు బట్ట దీపపు వెలుగున ప్రతి ముడుతను చాటును గనుక మసక నలుపు మేలు, గాని ఉతికి ఉతికి వెలిసినది తగదు. జాలీతో మెడవరకు మూసినది కంఠమును కుదించును. వీపున అడ్డదిడ్డముగా అల్లిన పట్టీలు రెక్కయెముకల కదలికను ముక్కలు చేసి చూపును. వీపు సగమువరకు తెరచి, ముందు మెడ మితముగా దిగి, భుజమున సన్నని పట్టీలున్న సాదా బట్టయే నాకు నచ్చినది. దరఖాస్తుతో పంపవలసిన ఛాయాచిత్రములకును అదియే తగును; తెల్లగోడ ముందు కాలు వెనుకకు చాచి నిలిచిన నల్లని రూపమున ఏ వంపును దాగదు.

జోళ్ల పని నేనే పెట్టుకొంటిని. మెత్తని బ్యాలే జోళ్లు కొన్నపుడు వాని ఎలాస్టిక్ పట్టీలు పెక్కుమారులు ఒక కొనయే కుట్టబడి యుండును. రెండవ కొనను పిల్ల పాదమున కొలిచి కుట్టవలెను. మడమభాగమును లోపలికి మడచినపుడు ఏర్పడు మడత కడ గుర్తుపెట్టి, అక్కడ చిన్న చిన్న కుట్లు వేయవలెను. అయితే అంచులోపల పోవుచున్న సన్నని నాడాను సూది తాకరాదు, తాకినచో ఆ నాడా మరి బిగియదు. బిగించి ముడివైచిన తరువాత మిగిలిన కొసలను కత్తిరించి లోపలికి దోపవలెను. పాదము చాచినపుడు దానిపై ఆడుచుండు నాడాకొస ఎంత చిన్నదైనను, చూచువాని కంటిని పాదపు వంపునుండి తనవైపునకు లాగుకొనును. జోళ్లు ఆనాడే పెట్టె విప్పినవి కారాదు. కొన్ని తరగతులలో తొడిగి మెత్తబడినవై, అయినను మురికి లేనివై యుండవలెను. కాగితపు అంకెను బట్ట ఒంటిపై నున్నపుడే నాలుగు మూలల పిన్నీసులతో గ్రుచ్చవలెను. బల్లపై పరచి గ్రుచ్చినచో, తొడుగునపుడు బట్ట సాగి కాగితము చిరుగును.

తెలుగు పిల్లల తలకట్టు వేరొక సమస్య. నడుము దిగిన ఒత్తైన జుట్టును ఒక్క ముద్దగా చుట్టినచో అది వెనుకకు ఉబ్బి మెడగీతను చెరచును. రెండు పాయలుగా విడదీసి, ఒకదాని చుట్టు ఇంకొకటి పలుచగా త్రిప్పి, జుట్టు రంగు వలతో కప్పి, పిన్నులను అంచునుండి లోపలికి గ్రుచ్చినచో బన్ తలకు అంటియుండును. తల్లి కొబ్బరినూనె సీసా తీయగా నేను వారించితిని. నూనెజుట్టున పిన్నులు నిలువవు. గొలుసు, గాజులు మారుమాట లేక తీసినది గాని, పిల్ల మణికట్టున నున్న తిరుపతి ఎఱ్ఱదారము దగ్గర ఆమె చేయి ఆగెను. "పిన్నీ, దీన్ని మాత్రం ఉంచేద్దాం." "సంచిలో పెట్టవే, స్వామి సంచిలో కూడా ఉంటాడు" అంటిని.

మగపిల్లల సంగతి సులభము: ఒంటికి పట్టిన తెల్లచొక్కా, దానిని లోపలికి దోపిన నల్లని టైట్సు, మెత్తని జోళ్లు. వదులుచొక్కా వెనుక దాగు సిగ్గును మాత్రము ఇంటికడ విడిచి రావలెను.

అన్నిటికంటె నన్ను ఎక్కువసేపు నిలిపినది గులాబిరంగు. బాలికలకు గులాబి టైట్సు, గులాబి జోళ్లు అని చిరకాలముగా వచ్చుచున్న ఆచారమునకు ఒక తర్కము కలదు: కాలును జోడును ఒకే ఛాయలో నున్నచో తుంటినుండి వ్రేలికొనవరకు గీత తెగదు. అయితే ఆ గులాబి ఐరోపావారి చర్మపు ఛాయకు దగ్గర యగుటచేతనే అక్కడ ఆ పని చేసినది. మా పిల్ల చామనచాయ మనిషి. ఆమె ముఖమును, మెడయు, చేతులును ఒక వర్ణమై, కాళ్లు మాత్రము వేరొక వర్ణమైనపుడు గీత తుంటి కడనే తెగిపోవుచున్నది. బట్ట కంటికి అడ్డురాకూడదను ధర్మమునకు ఆ బట్టయే విరుద్ధమగుచున్నది. ఈ మాట మొదట ఆచరణమున పెట్టినవారిలో ముఖ్యుడు ఆర్థర్ మిచెల్. బాలాంచిన్ కడ నర్తకుడై 1957లో 'అగాన్' అను బ్యాలేలో ఆడిన ఆ నల్లజాతి కళాకారుడు, కారెల్ షూక్‌తో కలిసి 1969లో స్థాపించిన డ్యాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్‌లో, 1970ల దశకమునుండి నర్తకీనర్తకులు తమ తమ చర్మపు ఛాయకు సరిపోవు టైట్సును, జోళ్లను ధరించుచున్నారు. అట్టి జోళ్లు అంగడిలో దొరకనందున, ముఖమునకు పూసికొను రంగునే పట్టుజోళ్లకు పట్టించుకొనుచు ఎందరో నర్తకీమణులు ఎన్నియో గంటలు వెచ్చించిరి. 1929లో పుట్టిన లండను నగరపు ఫ్రీడ్ సంస్థ, బ్యాలే బ్లాక్ అను నాట్యసంఘముతో కలిసి గోధుమవన్నె, కంచువన్నె పాయింటు జోళ్లను, అనగా వ్రేలికొనలపై నిలిచి యాడు జోళ్లను, అమ్మకమునకు పెట్టినది 2018లో. అనగా తాను పుట్టిన 89 ఏండ్లకు. ఇంత చిన్న సంగతి తోచుటకు ఇంత కాలము పట్టుట నాకు విచిత్రముగా లేదు. చూచువాడు తన చర్మమునే చర్మమని తలచినంతకాలము అది తోచదు.

మా పిల్లకు వచ్చిన పత్రములో గులాబి గాని, చర్మపు ఛాయ గాని తొడుగవచ్చునని యుండెను. "అందరూ గులాబీవే వేసుకొస్తే ఇదొక్కతే వేరుగా కనబడదూ?" అని తల్లి భయము. ఇంతకుముందు తాను కనబడనేమోయని బాధపడిన పిల్ల ఆ మాటకు నవ్వి, చామనచాయ టైట్సును, వానికి సరిపోవు జోళ్లను తానే ఏరుకొనెను. ఆమె మొదటి ప్రశ్నకు నేను చెప్పిన ఉత్తరమిది: రంగుబట్ట తొడిగిన పిల్ల గదిలోనికి వచ్చుచుండగా కనబడును, దిద్దుబాటు చెప్పిన మరుసటి మారు మోకాలు చాచిన పిల్ల, పాఠము ముగిసిన పిదప జ్ఞాపకముండును. పాఠశాలవారు ఏ రంగైనను సమ్మతమేయన్నచో ముదురునీలమో ద్రాక్షరంగో సాదాగా తొడుగుట తప్పని నేననను. జాలీలు, మెరుపులు మాత్రము పుట్టినరోజుకు దాచుకొనవలెను. ఫలితము ఇంకను తెలియలేదు. తెలిసిననాడును అది బట్టను గూర్చి ఏమియు చెప్పదు.

ఇట్టి పరీక్షలకు పిల్లలను పంపు తల్లిదండ్రులకు నా మనవి యొకటి. పాఠశాల పంపిన పత్రమును బట్టలు కొనకముందు చదువుడు, కొన్న తరువాత కాదు. అందు గులాబి యని మాత్రమే వ్రాసియుండి, మీ బిడ్డకు తన చర్మపు ఛాయ టైట్సు తొడుగవలెనని యున్నచో, ఆ సంగతి కొన్ని వారములు ముందే వారికి వ్రాసి అడుగుడు. వారు సరేయన్నచో మంచిదే. కాదన్నచో ఆ నియమమును పాటించి పిల్లను పంపుడు, గాని అడుగుట మానకుడు. అడుగువారు లేనంతకాలము ఆ పత్రములు మారవు.