గాజుపళ్లెంలో గెలిచిన పసుపు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్కింటి రిటైర్డు గార్డుగారు పక్షవాతం నుంచి కోలుకుంటున్నారు. ఒకనాడు పత్రిక ముక్క పట్టుకొచ్చి, "ఏమండీ, పసుపు మెదడు రక్తనాళాలను కాపాడుతుందట. బిళ్లలు మానేసి పసుపుపాలు తాగితే చాలదా?" అని అడిగారు. ఆ వార్తను తెలుగు చేసింది నేనే! మూలంలో "కాపాడవచ్చు" అన్నదాన్ని "కాపాడుతుంది" అని రాశాను. కాబట్టి ఈ విమర్శ మొదట నాకే వర్తిస్తుంది.

మెదడు రక్తనాళాల లోపలి పొరలో కణాలు బిగుతుగా అతుక్కొని ఉంటాయి. రక్తంలోని ప్రతి పదార్థాన్నీ మెదడులోకి పోనీయవు. శోథ, అంటే మంటతో కూడిన వాపు కలిగినపుడు టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ ఈ కణాలను రెచ్చగొడుతుంది. కణం లోపల ఎన్ఎఫ్-కప్పా-బి అనే 'మీట' పనిచేస్తుంది. తెల్లరక్తకణాలను పట్టుకునే అణువులు కణంపైకి వస్తాయి, గోడ సడలుతుంది. పసుపులోని కుర్‌క్యుమిన్, గాజుపళ్లెంలో పెంచిన కణాలలో ఈ మీటను అణచగలదు. ఇంతవరకూ బాగానే ఉంది.

చిక్కంతా తరువాతి అడుగులోనే. ఇటువంటి ప్రయోగాల్లో తరచుగా వాడే 10 మైక్రోమోలార్ గాఢత అంటే మిల్లీలీటరుకు దాదాపు 3,700 నానోగ్రాములు. మరి మనిషి రక్తంలో? 2012లో ప్రచురితమైన ఒక అమెరికా పరీక్షలో 36 మంది అల్జీమర్స్ రోగులు పాల్గొన్నారు. కొందరికి రోజుకు 2 లేక 4 గ్రాముల కుర్‌క్యుమిన్, కొందరికి మందులేని మాత్ర 24 వారాలు ఇచ్చారు. కుర్‌క్యుమిన్ తీసుకున్నవారి రక్తంలో మిల్లీలీటరుకు కనబడింది సుమారు 7 నానోగ్రాములే! అంటే అయిదువందల రెట్లు తక్కువ. జబ్బులో మెరుగు కూడా కనబడలేదు. పసుపులో కుర్‌క్యుమిన్ నూటికి 3 పాళ్లనుకుంటే, 4 గ్రాముల కోసం రోజుకు 130 గ్రాముల పసుపు మింగాలి!

అలాగని మొక్కల మందులు వట్టివని కాదు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ మొక్క నుంచి వచ్చిందే. అది మనుషులపై పరీక్షల్లో నెగ్గింది, 2015లో తూ యూయూకు నోబెల్ బహుమతి తెచ్చింది.

కాబట్టి ఇలాంటి వార్త చదివినపుడు మూడు ప్రశ్నలు వేయండి: పరీక్షించింది కణాలపైనా, ఎలుకలపైనా, మనుషులపైనా? ఎంత మోతాదు? అంత రక్తంలోకి చేరుతుందా?

గార్డుగారితో, "పసుపు పప్పులో వేసుకోండి. బిళ్లలు మాత్రం డాక్టరు చెప్పకుండా మానకండి" అన్నాను. ఆ మాట మొదటిసారే రాసి ఉండవలసింది.