చెరపకుండా చోటు చేసుకునే పనితనం

2011 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పథకం కింద వచ్చిన యంత్రాన్ని ఆన్ చేస్తే ముందు ఒక చిన్న పట్టిక కనిపించేది. విండోస్‌లోకి వెళ్తారా, బాస్ లినక్స్‌లోకి వెళ్తారా అని అది అడిగేది. భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అన్న పేరుకు బాస్ పొట్టిరూపం. చెన్నై తరమణిలో టైడల్ పార్కు ఉంది కదా, అక్కడ ఉన్న ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ కేంద్రం ఇంజనీర్లు డెబియన్ అనే లినక్స్ పునాది మీద దాన్ని తయారుచేసి 2007లో తొలిసారి విడుదల చేశారు. తెలుగుతో పాటు మన దేశ భాషలు చాలావాటిలో పనిచేసుకునే ఏర్పాటు అందులో ఉంది. పల్లెటూరి ప్లస్ టూ పిల్లల చేతికి కూడా ఆ విధంగా డ్యూయల్ బూట్ యంత్రం అందింది.

ఆ పిల్లలకు రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ (ఓఎస్‌లూ) ముందే వేసి ఇచ్చారు. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో మనమే లినక్స్ వేసుకోవాలంటే మాత్రం భయం పట్టుకుంటుంది. పెళ్లి ఫోటోలు, పిల్లల ప్రాజెక్టులు, ఆఫీసు ఫైళ్లు అన్నీ ఆ విండోస్‌లోనే ఉంటాయి. ఏదో నొక్కబోయి మొత్తం పోగొట్టుకుంటామేమో అని చేయి వెనక్కి వస్తుంది. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. లినక్స్ ఇన్‌స్టాలర్లు రాసినవాళ్లు కూడా దాన్ని దృష్టిలో పెట్టుకునే పనిచేశారు. వాళ్ల నేర్పు ఎక్కడ ఎక్కువగా తెలుస్తుందంటే, ప్రోగ్రామ్ ఆగే చోట, అడిగే చోట, ‘ఇది నేను చేయను’ అని మొండికేసే చోట. అలాంటి చోట్లు కొన్ని దగ్గరగా చూద్దాం.

మొదటిది లైవ్ పద్ధతి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొనుక్కొచ్చిన మామూలు పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్ ఎక్కించి దానితో కంప్యూటర్ బూట్ చేస్తే, వ్యవస్థ ఆ పెన్‌డ్రైవ్, ర్యామ్‌ల మీదే నడుస్తుంది. హార్డ్ డిస్క్ జోలికి పోదు. వైఫై అందుతోందా, స్పీకర్లు పలుకుతున్నాయా, తెలుగు టైపు అవుతోందా అని తీరిగ్గా చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే విండోస్ ఎప్పటిలాగే వస్తుంది. వేసుకోకముందే వాడి చూడనివ్వడం కొత్తవాళ్లకు దొరికే తొలి భరోసా.

రెండోది అసలు కష్టమైన పని. విండోస్ సాధారణంగా డిస్క్ అంతా తానే తీసుకుని ఉంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే దాని సొంత అమరికలో ఫైళ్లు ముక్కలు ముక్కలుగా ఎక్కడెక్కడో ఉండవచ్చు. లినక్స్‌కు చోటు కావాలంటే విండోస్ ఉన్న ఆ డిస్క్ భాగాన్ని, అంటే పార్టిషన్‌ను, కుదించాలి. కుదించే ముందు చివరి భాగంలో ఉన్న ముక్కలను ముందుకు జరిపి, ఏ ముక్క ఎక్కడికి వెళ్లిందో లెక్క సరిచూసి రాయాలి. 2002 ప్రాంతంలో సబోల్చ్ సకాచిట్స్ రాసిన ఎన్‌టీఎఫ్‌ఎస్ రీసైజ్ అనే పనిముట్టు ఈ పని చేస్తుంది. దాని జాగ్రత్త చూడండి. డిస్క్ మీద ఒక్క అక్షరం రాయకుండా మొత్తం కసరత్తు ఉత్తుత్తిగా చేసి చూపించే సదుపాయం అందులో ఉంది. పార్టిషన్‌లో లోపాలున్నట్టు గుర్తిస్తే, ముందు విండోస్‌లోకి వెళ్లి సరిచేసుకుని రమ్మని పని ఆపేస్తుంది. అంతా సవ్యంగా పూర్తయ్యాక కూడా తన పనిని తానే నమ్మి ఊరుకోదు. తర్వాతిసారి విండోస్ లేచినప్పుడు డిస్క్ తనిఖీ చేసుకునేలా ఒక గుర్తు పెట్టి వెళ్తుంది. సరిచూసే అధికారం ఇంటి యజమానికే వదిలిపెట్టడం మంచి పనివాడి లక్షణం.

మూడోది ఒక తెర. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్లు నిర్ణయించుకున్నాక చివరగా ఒక ప్రశ్న వస్తుంది. ఏ డిస్క్ పట్టిక మారబోతోందో, ఏ పార్టిషన్ ఫార్మాట్ కాబోతోందో పేరుపేరునా రాసి, ఈ మార్పులు డిస్క్ మీద రాయమంటారా అని అడుగుతుంది. అక్కడ ముందే ఎంచి ఉంచిన జవాబు ‘వద్దు’. చూడకుండా ఎంటర్ కొట్టుకుంటూ పోయేవాళ్లను ఆ ఒక్క మాట కాపాడుతుంది. ఉన్న పార్టిషన్‌ను కుదించడం ఇంతకన్నా ముందే జరిగిపోతుంది కాబట్టి, దానికి విడిగా ఇంకో హెచ్చరిక ఉంది. ఇది వెనక్కి తీసుకోలేని పని అని అక్కడ స్పష్టంగా చెబుతుంది.

నాలుగోది గ్రబ్. ఆన్ చేయగానే ఏ ఓఎస్ కావాలని అడిగే ఆ పట్టిక దీని చలవే. ఎరిక్ బొలేన్ 1995లో దీన్ని మొదలుపెట్టారు. పాత బయోస్ కంప్యూటర్లలో ఆన్ చేయగానే డిస్క్‌లోని మొదటి సెక్టార్ మాత్రమే చదవబడుతుంది. అది 512 బైట్లు. అందులో పార్టిషన్ల పట్టికకు 64, చివరి ముద్రకు 2 పోగా మిగిలేవి 446. వాటిలోనూ చివరి 6 బైట్ల చోట విండోస్ తన డిస్క్ గుర్తింపు సంఖ్య రాసుకుంటుంది. గ్రబ్ ఆ గుర్తింపునూ పార్టిషన్ల పట్టికనూ ఉన్నవి ఉన్నట్టే ఉంచేసి, మిగిలిన 440 బైట్లలోనే సర్దుకుంటుంది. తెలుగును యూనికోడ్‌లో మామూలుగా దాచే పద్ధతిలో ఒక్కో సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఆ లెక్కన 440 బైట్లలో ఒక చిన్న పేరా కూడా పట్టదు. అంత ఇరుకులో కూర్చున్న ఆ ముక్క తన రెండో భాగాన్ని మేల్కొల్పుతుంది. మొదటి పార్టిషన్ మొదలయ్యే ముందు డిస్క్ మీద ఖాళీగా ఉండే జాగాలో అది ఉంటుంది. ఆ భాగానికి ఫైల్ సిస్టమ్‌లు చదవడం వచ్చు. అది లేచి పట్టిక చూపిస్తుంది. మనం విండోస్ ఎంచుకుంటే, విండోస్ సొంత బూట్ ప్రోగ్రామ్‌కే పగ్గాలు అప్పగించి తప్పుకుంటుంది.

ఇప్పటి యూఈఎఫ్ఐ యంత్రాల్లో ఈ పొందిక ఇంకా నిండుగా ఉంటుంది. బూట్ కోసమే వేరే చిన్న పార్టిషన్ ఉంటుంది. అందులో మైక్రోసాఫ్ట్‌ది ఒక ఫోల్డర్, డెబియన్‌ది ఇంకో ఫోల్డర్. ఎవరూ ఎవరిదీ తుడవరు. నమ్మదగిన సంతకం ఉన్న ప్రోగ్రాములనే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ వచ్చినప్పుడు లినక్స్‌కు తలుపు మూసుకుపోతుందేమోనని చాలామంది దిగులుపడ్డారు. 2012లో మాథ్యూ గారెట్ రాసిన షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ చిక్కు విప్పింది. మైక్రోసాఫ్ట్ సంతకంతో అది ముందు నిలబడి, తర్వాత గ్రబ్‌ను పరీక్షించి లోపలికి తెస్తుంది.

ఇంకో సూక్ష్మం గడియారం. కంప్యూటర్ లోపలి గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది. లినక్స్‌కు సహజంగా అలవాటైనది ప్రపంచ సమయం. రెండూ పట్టించుకోకుండా పక్కపక్కన ఉంటే, చెన్నైలో విండోస్ తెరిచినప్పుడు టైము ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తుంది. అందుకే డెబియన్ ఇన్‌స్టాలర్ డిస్క్‌లో ఇంకే ఓఎస్‌లు ఉన్నాయో చూసి, గడియారం ఏ పద్ధతిలో ఉందో అంచనా వేసుకుంటుంది. వీలైనంతవరకు ఆ ప్రశ్న మనదాకా రానివ్వదు.

ఇంత శ్రద్ధ తీసుకున్న పనికి మన వంతు శ్రద్ధా తోడవ్వాలి. ముందుగా ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ నడుస్తుంటే దాని రికవరీ కీ రాసిపెట్టుకోవాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. అది ఉన్నంతకాలం విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది, ఆ స్థితిలో దాని పార్టిషన్‌ను కదపడం ప్రమాదం. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించి, ఓ 40 జీబీ ఖాళీగా వదిలి, లినక్స్‌ను ఆ ఖాళీలో వేసుకోవడం కొత్తవాళ్లకు తేలిక. రెండూ కొత్తగా వేయాల్సివస్తే విండోస్ ముందు, లినక్స్ తర్వాత. పట్టికలో విండోస్ కనబడకపోతే బెంబేలు పడనక్కర్లేదు. కొత్త గ్రబ్ పక్క ఓఎస్‌లను వెతకడం తనంతట తాను చేయదు. దాని సెట్టింగుల ఫైల్లో ఒక్క వరుస మార్చి పట్టిక మళ్లీ తయారుచేయిస్తే చాలు.

ఈ ప్రోగ్రాములు తీసుకునే జాగ్రత్తలన్నీ బహిరంగంగా ఉన్న కోడ్‌లో వరుసవరుసగా రాసి ఉన్నాయి, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. చెన్నై ఇంజనీర్లు బాస్‌ను తయారు చేయగలిగింది కూడా ఆ తలుపు తెరిచి ఉండబట్టే. మనిషి పొరబడతాడని ముందే ఊహించి, ఆ పొరపాటుకు నష్టం తగ్గించేలా పనిచేయడం ఏ వృత్తిలోనైనా గొప్ప పనితనమే. మీరు మొదటిసారి లినక్స్ వేసుకుంటున్నట్టయితే తొందరపడకుండా ప్రతి తెరనూ పూర్తిగా చదవండి. అక్కడ ఉన్న ప్రతి హెచ్చరికా మీ ఫైళ్లు పోకూడదని ఎవరో కూర్చుని ఆలోచించి రాసినదే.