చెమ్మతో మేలుకునే మందు

రోజుకొక పట్టీ. పిల్లవాడి వీపు మీద, రెండు రెక్కల మధ్య, వాడి చెయ్యి సులువుగా అందని చోట అంటిస్తారు. అందులో ఉన్న మందు 250 మైక్రోగ్రాముల వేరుశెనగ ప్రోటీన్. అంటే ఒక్క పల్లీ గింజలో ఉండేదానిలో దాదాపు వెయ్యో వంతు. పల్లీ పొడి నోట్లో పడితే ప్రాణం మీదికొచ్చే పిల్లలకు ఆ పల్లీతోనే చేసే వైద్యం ఇది. పట్టీ పేరు వయాస్కిన్. దాన్ని తయారుచేసింది ఫ్రాన్సులో 2002లో మొదలైన డీబీవీ టెక్నాలజీస్. పియెర్-ఆన్రి బెనామూ, క్రిస్టోఫ్ డ్యూపోఁ అనే ఇద్దరు పిల్లల డాక్టర్లు ఈ ఆలోచనకు మూలపురుషులు.

పడని పదార్థాన్నే కొంచెం కొంచెంగా ఇచ్చి శరీరానికి అలవాటు చేయడం పాత పద్ధతే. లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని సూదిమందుగా ఇచ్చి, ఆ ఫలితాలను 1911లోనే ప్రకటించాడు. సూదిని పక్కన పెట్టి చర్మాన్ని నమ్ముకున్నది పారిస్ వైద్యులు. 1921లో పాశ్చర్ వ్యాలెరీ-రాడో, అంటే లూయీ పాశ్చర్ కూతురి కొడుకు, గుర్రాల వల్ల ఉబ్బసం వచ్చే రోగికి చర్మం మీద గీరి, ఆ గీతల మీద మందు పెట్టి చూశాడు. తర్వాత బ్లామూతియే ముంజేతి మీద సూదితో నిలువుగా, అడ్డంగా గళ్ల గీతలు గీసి పుప్పొడి సారం చుక్కలు వేశాడు. ఫలితం బాగానే కనిపించింది. అయినా ఆ పద్ధతి మెల్లగా మరుగున పడింది.

చర్మం మీద అంత ఆశ పెట్టుకోవడానికి కారణముంది. దాని పై పొరలో రక్తనాళాలు ఉండవు. అక్కడ పెట్టిన ప్రోటీన్ నేరుగా నెత్తురులో కలిసి ఒళ్లంతా పాకే ప్రమాదం తక్కువ. ఆ పొరలో కాపలా కాసే లాంగర్‌హాన్స్ కణాలు మాత్రం దట్టంగా ఉంటాయి. అవి ప్రోటీన్‌ను పట్టుకుని దగ్గరి లింఫ్ గ్రంథులకు మోసుకెళ్తాయి. అక్కడ రోగనిరోధక వ్యవస్థ ఆ పదార్థాన్ని చూసి, దానితో పోరు పెట్టుకోనక్కర్లేదని నేర్చుకునే అవకాశం ఉంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పసిపిల్లలకు పల్లీ అలర్జీ చాలాసార్లు చర్మం ద్వారానే అంటుకుంటుందని లండన్ వైద్యుడు గిడియన్ ల్యాక్ ఎప్పటినుంచో చెబుతున్నాడు. ఎగ్జిమాతో పగిలిన చర్మం మీద పల్లీ ధూళి పడితే శరీరం దాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుందని ఆయన వాదన. మరి రోగం వచ్చిన దారినే మందు ఎలా పంపుతారు? 2012లో వెలువడిన ఎలుకల ప్రయోగం ఒకటి దీనికి జవాబు ఇచ్చింది. చెక్కుచెదరని చర్మం మీద పట్టీ వేస్తే మేలు జరిగింది. టేపు అంటించి లాగి పై పొర ఊడదీసిన చర్మం మీద వేస్తే మేలు జరగకపోగా అలర్జీ ఇంకా ముదిరింది. గీరడం, సూదితో గళ్లు గీయడం అన్నీ పక్కన పెట్టాల్సిందేనని దానితో తేలింది. చర్మానికి చిన్న గాయం కూడా కాకుండా లోపలికి పంపాలి. ఆరోగ్యంగా ఉన్న చర్మమేమో ఏదీ లోపలికి రానివ్వకుండా కాచుకోవడానికే పుట్టింది.

ఈ ముడి విప్పిన తీరులోనే నాకు అసలైన పనితనం కనిపిస్తుంది. నికోటిన్ పట్టీల వంటి మామూలు పట్టీల్లో మందు సాధారణంగా జిగురులోనో, జెల్‌లోనో కలిసి ఉంటుంది. వయాస్కిన్‌లో ప్రోటీన్ జిగురును తాకదు. పట్టీ నడుమ పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ప్రోటీన్ ద్రావణానికి విద్యుదావేశం ఇచ్చి, సన్నని తుంపరగా ఆ పొర మీదికి చిమ్ముతారు. తడి ఆరిపోయి పొడి మిగులుతుంది. ఆ పొడిని పొరకు పట్టి ఉంచేది స్థిర విద్యుత్తు మాత్రమే. చుట్టూ అంచున జిగురు వలయం ఉంటుంది. అది చర్మానికి అతుక్కుంటే నడుమ చిన్న మూసిన గది ఏర్పడుతుంది.

ఆ తర్వాత పని చర్మమే చేసుకుంటుంది. మనకు తెలియకుండానే ఒంటి నుంచి ఎప్పుడూ కాస్త నీరు ఆవిరవుతూ ఉంటుంది. ఉడికిన అన్నం గిన్నె మీద మూత పెడితే దాని అడుగున నీటి బొట్లు కట్టినట్టు, ఆ గదిలో చెమ్మ చేరుతుంది. పొడి ఆ చెమ్మలో కరుగుతుంది. నానిన చర్మపు పై పొర కొద్దిగా సడలి ప్రోటీన్‌ను నెమ్మదిగా లోపలికి తీసుకుంటుంది. మందును కరిగించే నీరు, దాన్ని లోపలికి పంపే దారి, దాన్ని మోసుకెళ్లే కణాలు అన్నీ పిల్లవాడి ఒంట్లోవే. తయారీదారు ఇచ్చింది పొడి, మూత, అంచు జిగురు, అంతే. ఇంత తక్కువ వస్తువుతో ఇంత పని చేయించుకోవడం గొప్ప వైద్య శిల్పమని నా అభిప్రాయం. ఇదే రకం పట్టీతో ఈ సంస్థ అంతకుముందు ఆవుపాల అలర్జీని గుర్తించే పరీక్షను తెచ్చింది. పరీక్ష కోసం పుట్టిన ఉపాయమే వైద్యంగా ఎదిగింది.

ఇక ఫలితాల సంగతి. 4 నుంచి 11 ఏళ్ల పిల్లలు 356 మందితో జరిపిన పెపిట్స్ పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. పట్టీ వాడినవారిలో 35.3 శాతానికి, మందు లేని పట్టీ వేసినవారిలో 13.6 శాతానికి తట్టుకునే శక్తి పెరిగింది. తేడా స్పష్టంగానే ఉంది, కానీ ముందుగా గీసుకున్న గణాంకాల గీటును అది దాటలేకపోయింది. 1 నుంచి 3 ఏళ్ల పసివాళ్లతో జరిపిన ఎపిటోప్ పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. అక్కడ లెక్క 67 శాతం, 33.5 శాతం. రోగనిరోధక వ్యవస్థ ఇంకా రూపుదిద్దుకుంటున్న వయసులోనే మొదలుపెడితే దానికి నచ్చజెప్పడం సులువు కావచ్చు. పట్టీ వేసిన చోట ఎర్రబడటం, దురద దాదాపు పిల్లలందరికీ వచ్చాయి. చికిత్స వల్ల వచ్చిన తీవ్రమైన అలర్జీ, అంటే అనాఫిలాక్సిస్, ఎపిటోప్‌లో 1.6 శాతం మందిలో కనిపించింది.

ఇంత చక్కని పనికి అడ్డుపడింది అంచు జిగురే. పిల్లలు చెమట పట్టేదాకా ఆడతారు, దొర్లుతారు, పట్టీ అంచు లేస్తుంది. అంచు లేస్తే గది తెరుచుకుంటుంది, చెమ్మ పోతుంది, మందు కరగదు. 2020 ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి నిరాకరించినప్పుడు ప్రధానంగా ఎత్తి చూపింది కూడా దీన్నే. పట్టీ సరిగా అతుక్కోకపోతే మందు ఎంతవరకు పనిచేస్తుందని అడిగింది. న్యాయమైన ప్రశ్న. తయారీదారులు పట్టీని గుండ్రంగా, మరింత పెద్దదిగా మార్చి, 4 నుంచి 7 ఏళ్ల పిల్లలతో వితెస్ అనే కొత్త పరీక్షను మొదలుపెట్టారు. 2025 ముగిసేనాటికి అమెరికాలో అమ్మకానికి అనుమతి రాలేదు.

ఈ వైద్యం లక్ష్యం పిల్లవాడితో పల్లీలు కడుపు నిండా తినిపించడం కాదు. తెలియక ఒక ముక్క నోట్లో పడినా ప్రమాదం లేకుండా బయటపడటం. పరీక్షల్లో చూసిన మెట్టు పిల్లవాణ్ణి బట్టి 300 లేదా 1000 మిల్లీగ్రాముల ప్రోటీన్, అంటే ఒక గింజ నుంచి మూడు నాలుగు గింజల వరకు. పల్లీ చట్నీ, పల్లీ పొడి లేని వంటిల్లు తెలుగువాళ్లకు అరుదు. అమెరికాలో ఉంటూ పల్లీ అలర్జీ ఉన్న పిల్లల్ని పెంచుతున్న మన కుటుంబాలకు ఆ ఒక్క గింజ విలువ బాగా తెలుసు. వాళ్లకు ఒక మనవి: ఈ సంగతి చదివి ఇంట్లో పిల్లల చర్మానికి పల్లీ పొడి గానీ, నూనె గానీ రాయకండి. పగిలిన చర్మం మీద అది రోగం ముదిరేలా చేయవచ్చు. ఎగ్జిమా ఉంటే ముందు దానికి వైద్యం చేయించండి, ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి, ఇలా కొంచెం కొంచెంగా అలవాటు చేసే వైద్యం (ఇమ్యూనోథెరపీ) గురించి అలర్జీ నిపుణుణ్ణే అడగండి.