కేకు గుండె: ఒక విమర్శ

పుట్టినరోజు కేకులపై పేకముక్కలలోని ఆటీను గుర్తును చూచుటకు మనము అలవాటుపడినాము. కాని అసలైన మానవ హృదయమును, దాని నాళములతో సహా, కేకుగా మలచుట వేరు విద్య. పాశ్చాత్య దేశములలో ఇదియొక వినోదముగా ప్రచారము పొందినది. 2012 లో లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి ఆవరణలోనున్న వ్యాధివిజ్ఞాన ప్రదర్శనశాలలో, అవయవములను, రోగచిహ్నములను పోలిన కేకులతో ఒక ప్రదర్శనయే జరిగినది.

ఆ ఆసుపత్రికిని గుండెకును పాత సంబంధము కలదు. రక్తప్రసరణమును నిరూపించిన విలియం హార్వే 1609 లో అక్కడ వైద్యుడుగా చేరెను. 1628 లో ప్రకటించిన గ్రంథములో ఆయన గుండె రూపమును వర్ణించి ఊరకొనలేదు, లెక్క కట్టెను. ఒక్కొక్క స్పందనకు అర ఔన్సు రక్తము వెలువడుననుకొన్నను, అరగంటలో వేయి స్పందనలకు 500 ఔన్సులగును. అంత రక్తము శరీరములో లేదు. తిన్న ఆహారమునుండి అంత త్వరగా పుట్టజాలదు. కనుక ఉన్న రక్తమే మరల మరల తిరిగి రావలెను. గుండెను తెలిసికొనుటయనగా అది చేయు పనిని తెలిసికొనుటయే. కేకు గుండెను పరీక్షించుటకు ఈ కొలబద్ద చాలును.

ఇటీవల ఒక కళాశాల వైజ్ఞానిక ప్రదర్శనలో విద్యార్థులు అట్టి కేకు నొకదానిని ఉంచిరి. ఎఱ్ఱరంగు కలిపిన రెండు కేకులను నడుమ జాముతో అతికి, కత్తితో చెక్కి, వెన్న చక్కెరల పూత పూసి, దానిపై చపాతీవలె వత్తిన చక్కెర ముద్దను కప్పిరి. పైరూపము మెచ్చదగినది. గుండె మొన శరీరపు ఎడమవైపునకు, అనగా చూచువారి కుడివైపునకు, సరిగా ఒరిగియున్నది. బృహద్ధమని వంపుపై మూడు శాఖలను మరువలేదు. గుండె కండరమునకే రక్తమునిచ్చు కరోనరీ ధమనులను సన్నని కుంచెతో గీసిరి. ఇంత ఓపికతో పటము గీయు విద్యార్థులు అరుదు.

దోషములు కోసినప్పుడు బయటపడినవి. లోపల అంతయు నిండు కేకు! కర్ణికలు లేవు, జఠరికలు లేవు, కవాటములు లేవు. విశ్రాంతిలోనున్న మనిషి గుండె నిమిషమునకు సుమారు 72 సార్లు, సారికి సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున, రక్తమును నెట్టును. గుణించి చూడుడు: నిమిషమునకు 5 లీటర్లు. ఇంచుమించు శరీరములోని రక్తమంతయు నదియే. ఇట్టి పనిముట్టులో గోడలెంత ముఖ్యమో, గోడల నడుమ ఖాళీయు నంత ముఖ్యము.

రెండవ దోషము రంగు. మహాసిరలకు, పుపుస ధమనికి నీలము పూసిరి. పటములలో నీలము ఒక గుర్తు మాత్రమే. ఆమ్లజని తగ్గిన రక్తము ముదురు ఎఱుపు. సిరలు నీలముగా కనబడుట చర్మము, దాని క్రింది కణజాలము కాంతిని వెదజల్లు తీరువలన కలుగునది. ధమనులలో మంచి రక్తము, సిరలలో చెడు రక్తము అని వల్లించిన విద్యార్థికి నీలపు పుపుస ధమని ఇంకను చిక్కు తెచ్చును. అది గుండెనుండి బయలుదేరును గనుక ధమని; లోనున్న రక్తమునుబట్టి పెట్టిన పేరు కాదు.

దిద్దుకొనుట కష్టము కాదు. జఠరికలవద్ద అడ్డముగా కోసిన గుండెలో ఎడమ జఠరిక మందమైన గోడగల గుండ్రని గదిగాను, కుడి జఠరిక దానిని అంటుకొనిన నెలవంకగాను కనబడును. ఎడమ గోడ మందము కుడిదానికి సుమారు మూడు రెట్లు. ఏలయన కుడిది ప్రక్కనున్న ఊపిరితిత్తులకు, ఎడమది శరీరమంతటికి రక్తమును నెట్టవలెను. చల్లారిన కేకులో చెంచాతో ఈ రెండు గదులను తొలిచి, మరియొక ముక్కను మూతగా పెట్టినచో, కోయువారు ఆ తేడాను కన్నులార చూతురు. నీలము వాడినచో, అది గుర్తుకొఱకేయని ప్రక్కన ఒక చీటీ ఉంచవలెను.

ఆనాడు కేకు కోయుచుండగా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, "మొన్న ఆసుపత్రిలో నా చేతినుంచి తీసిన రక్తం ముదురు ఎరుపుగా ఉందండీ, ఇక్కడ నీలమెందుకు?" అని అడిగినది. బల్లవద్దనున్న విద్యార్థులు జవాబు చెప్పలేకపోయిరి. అప్పటికే ఆ కేకునకు ప్రథమ బహుమతి వ్రాసియిచ్చిన న్యాయనిర్ణేతలలో నేనొకడను. మేము పూతను చూచి మార్కులు వేసితిమి; కోసి చూడలేదు, ఒక్క ప్రశ్నయు అడుగలేదు. అడుగవలసిన ప్రశ్నను ఆ బాలిక అడిగినది. మీ పాఠశాల బల్లమీదికి ఇట్టి కేకు వచ్చినప్పుడు, ఉపాధ్యాయులు మొదట కోయించి, పిమ్మట మార్కులు వేయుట మేలు.