'గౌరవ వేతనం' నుండి 'అక్రమం' దాకా: అంగన్‌వాడీ వ్యవహార భాషపై పరిశీలన

దినపత్రికల జిల్లా పేజీల్లో అంగన్‌వాడీ కేంద్రాలపై వచ్చే వార్తలకు ఒక మూస ఉంది. గుడ్లు పక్కదారి పట్టాయి; హాజరు పట్టికలో లేని పిల్లలున్నారు; వేళకు తాళం తీయలేదు. ఈ వాక్యాలన్నింటికీ కర్త కార్యకర్తే. ఆమె పని పరిస్థితులకు మాత్రం వాటిలో చోటు లేదు.

1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం మొదలైన నాటి నుండి ఆమె ఉద్యోగి కాదు, 'కార్యకర్త'. ఆమెకు అందేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2023 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 11,500 రూపాయలు, సహాయకురాలికి 7,000. వేతన పెంపునూ, 2022లో సుప్రీంకోర్టు అర్హత గుర్తించిన గ్రాట్యుటీనీ కోరుతూ 2023 డిసెంబర్ 12న వారు సమ్మెకు దిగారు. 2024 జనవరి 6న ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. జీతమడిగితే స్వచ్ఛంద సేవ, పని ఆపితే అత్యవసర సేవ! ఒకే పనికి రెండు పేర్లు పెట్టిన ఈ భాషే 'అక్రమం' అన్న మాటనూ నిర్వచిస్తున్నది.

అనంతపురం వంటి చోట ఆ నిర్వచనం మరింత చిక్కుపడుతుంది. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. వేరుశనగ ఎండిపోయిన ఏడు కుటుంబాలు బెంగుళూరుకు వలసపోతాయి. పిల్లలు కొందరు వెంట పోతారు, కొందరు అవ్వాతాతల దగ్గర మిగులుతారు. పండక్కి తిరిగొచ్చే పిల్లవాడి పేరు కొట్టివేయాలా, ఉంచాలా? పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస నమోదుకు వీలున్నా, పని దొరికిన చోటికల్లా మకాం మార్చే కుటుంబం ఏ కేంద్రంలో చేరుతుందో ఆమెకేం తెలుస్తుంది? పేరు ఉంచితే దొంగ హాజరు. కొట్టివేస్తే, తిరిగొచ్చిన నాడు ఆ పిల్లవాడి వంతు గుడ్డు ఉండదు.

అయితే కార్మిక పక్షపు వాదనలోనూ ఒక లోపముంది. పనిభారం గురించి విస్తారంగా చెప్పే ఆ వాదం, దెబ్బ తిన్న పిల్లవాడి దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. విసుగుకు కారణం చూపవచ్చు గానీ మూడేళ్ల పిల్లను కొట్టడాన్ని ఏ వేతన లెక్కా సమర్థించదు. గుడ్లు అమ్ముకోవడమూ అంతే. ఆ గుడ్డు కూలితల్లి బిడ్డది. కాని గ్యాసుకూ కూరగాయలకూ సొంత డబ్బు పెట్టి, బిల్లు రాక లెక్క సర్దిన కార్యకర్తను అదే గాటన కట్టడం న్యాయం కాదు. ఈ రెండింటినీ వేరుచేయాలంటే విచారణాధికారి హాజరు పట్టికతో పాటు ఆ కేంద్రానికి బిల్లులు అందిన తేదీలనూ చదవాలి.